ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆస్పరికి సమీపమున కైరుప్పల యను గ్రామము కలదు. ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి ఈ గ్రామము పేరు చిరపరిచితము. ఏటేట ఉగాది మఱునాడు అచ్చటి ప్రజలు రెండు పక్షములుగా చీలి పిడకలతో ఒకరి నొకరు కొట్టుకొందురు. ఇది పగచే జరుగు పోరు కాదు. వీరభద్రస్వామి, కాళికాదేవుల ఉత్సవములో నొక వేడుక. ఈ వేడుక మొదలగుటకు ముందు ఒక ఆచారము నడచును. కారుమంచి గ్రామమునుండి రెడ్డి వంశమువా డొకడు గుఱ్ఱమునెక్కి పరివారముతో వచ్చి, దేవాలయమున పూజ సల్పి పోవును. ఆ పిమ్మటనే పిడకలు చేతికెత్తుకొందురు.

గుఱ్ఱమునెక్కి వచ్చు ఆ రెడ్డికి నేడు సేన లేదు; పన్నులు గొను అధికారము లేదు; నేరము విచారించి దండించు హక్కు లేదు. ఐనను ఊరివారు దారి తొలగి ఆయనకు గౌరవము చూపుదురు. రాయలసీమలో పూర్వము పాలెగాండ్ర కుటుంబములకును, పెద్దరెడ్ల కుటుంబములకును గల పలుకుబడి యొక్క ఆనవా లిట్టి ఆచారములందు నేటికిని కనబడుచున్నది. అధికారము పోయిన పిదప ఒక వంశము పేరు దేనివలన నిలుచును? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల జీవితము ఒకటి అదే సీమలో, కైరుప్పలకు తూర్పుగా, కుందూనదీ తీరమున నడచినది. అది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితము.

ఆయన కథ తెలిసికొనుటకు ముందు పాలెగాండ్రు ఎవరో తెలిసికొనవలెను. విజయనగర చక్రవర్తులు తమ విశాల రాజ్యమును కాపాడుకొనుటకై కొందఱు నాయకులకు కొన్నికొన్ని గ్రామములను అప్పగించిరి. ఆ గ్రామముల సముదాయమునకు పాళెమని పేరు. పాళెము నేలువాడు పాలెగాడు. అతడు గ్రామములనుండి శిస్తు వసూలు చేసి, అందు కొంత చక్రవర్తికి చెల్లించి, మిగిలిన దానితో సైనికులను పోషించెడివాడు. దారులలో దొంగల బెడద లేకుండ జూచుటయు, యుద్ధము వచ్చినప్పుడు తన బంటులతో చక్రవర్తికి తోడ్పడుటయు అతని ధర్మములు. 1565వ సంవత్సరమున తళ్ళికోట యుద్ధములో విజయనగరము ఓడిపోయినది. పిమ్మట బీజాపురము, గోలకొండ సుల్తానులును, మొగలాయీలును, మైసూరు పాలకులైన హైదరాలీ, టిప్పుసుల్తానులును, నైజామును ఒకరి తరువాత ఒకరుగా ఈ సీమకు ప్రభువులైరి. పై ప్రభువులు మాఱుచుండిరి. కాని పల్లెలో ప్రజ లెఱిగిన ప్రభువు పాలెగాడే. అతడు మంచివాడైనచో వారికి నీడ. చెడ్డవాడైనచో వారికి పీడ. రెండు విధములవారును ఈ సీమలో ఉండిరి.

1800వ సంవత్సరమున నైజాము బళ్ళారి, కడప మొదలగు ప్రాంతములను ఈస్టిండియా కంపెనీ వారికి ధారాదత్తము చేసెను. ఆ కారణముచే ఈ సీమకు దత్తమండలమను పేరు వచ్చెను. ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా సర్ థామస్ మన్రో నియమింపబడెను. అతడు వచ్చునాటికి ఇచ్చట దాదాపు 80 మంది పాలెగాండ్రుండిరి. వారి చేతులలో కోటలును, ఆయుధములును ఉన్నంతవఱకు కంపెనీ పాలన వేరూనదని మన్రో తలంచెను. లొంగినవారికి భరణములిచ్చి, లొంగనివారిపై సేనలను పంపెను. ఆదవాని సీమలోని తెర్నేకల్లు గ్రామస్థులు 1801లో ఎదురు తిరిగి కోట తలుపులు మూసికొనగా, కంపెనీ వారు పెద్ద సేనను పంపి ఆ కోటను పట్టుకొనవలసి వచ్చెను. ఇట్లు కొలది సంవత్సరములలోనే కోటలు కూలినవి. కొండలవంటి కుటుంబములు నెలసరి భరణములపై ఆధారపడి బ్రదుకు స్థితికి వచ్చినవి. మన్రో రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించుకొను రైతువారీ పద్ధతిని ప్రవేశపెట్టెను. ప్రభుత్వమునకును రైతునకును నడుమ పాలెగానికి ఇక చోటు లేకపోయెను.

అట్లు అధికారము గోల్పోయిన కుటుంబములలో నొస్సము పాలెగాండ్ర కుటుంబ మొకటి. నొస్సము, ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల గ్రామములుగల నల్లరేగడి సీమకు రేనాడని పేరు. ఆ సీమలో నొస్సము జయరామిరెడ్డి బలవంతుడైన కడపటి ప్రభువు. ఆయన మనుమడే మన కథానాయకుడైన నరసింహారెడ్డి. ఇతని తండ్రి పేరు పెదమల్లారెడ్డి. ఉయ్యాలవాడ వీరి నివాసము. నాడు ఆ ప్రాంతము కడప జిల్లాలో చేరియుండెను.

నరసింహారెడ్డి పుట్టి పెరిగిన కాలమునాటికి పూర్వవైభవము కథలలోనే మిగిలెను. తాతలు ఏలిన ఊళ్ళు కన్నులయెదుట నుండెను. కాని వానిపై ఏలుబడి లేదు. తాతల యెదుట చేతులు కట్టుకొని నిలిచినవారి మనుమలు దారిలో కనబడి నమస్కరించుచుండిరి. కాని వారికి ఇచ్చుటకు ఇంటిలో ధనము లేదు. కంపెనీవారు అతని కుటుంబమున కిచ్చు భరణములో అతని వంతునకు వచ్చునది నెలకు సుమారు 11 రూపాయలు మాత్రమే. ఆ కొలది సొమ్మునకై తాలూకా కచేరీకి మనిషిని పంపి, అధికారి దయచూపువఱకు వేచియుండవలసి వచ్చెడిది. పేదఱికము కంటె ఈ అవమానమే అతనిని ఎక్కువగా బాధించియుండును.

జయరామిరెడ్డి కాలధర్మము నొందిన తరువాత ఆయనకు ముట్టుచుండిన భరణమును కంపెనీ ప్రభుత్వము నిలిపివేసెను. మనుమనిగా అందులో తనకు కొంత భాగము రావలసియున్నదని నరసింహారెడ్డి కోరెను. ప్రభుత్వ మందుకు సమ్మతింపలేదు. కచేరీ లెక్కలలో ఇది ఒక చిన్న ఖర్చు తగ్గింపు. కాని ఉయ్యాలవాడ ఇంటిలో అది ఒక వంశమును పుస్తకమునుండి కొట్టివేయుటతో సమానము.

కథ ఇంతటితో ముగిసినచో అది ఒక్క కుటుంబము యొక్క కోపముగానే మిగిలిపోయెడిది. చరిత్ర దానిని స్మరించియుండదు. కాని అదే కాలమున ఇంకొక విషయము వేలకొలది కుటుంబములను కలవరపెట్టుచుండెను. పాలెగాండ్ర కాలమునందు గ్రామరక్షణకును, కొలువునకును కట్టుబడి బంటులుండెడివారు. వారికి జీతమునకు మాఱుగా ఈనాము భూములు ఇయ్యబడినవి. వారు ఆ భూములపై స్వల్పమైన శిస్తు చెల్లించి, తరతరములుగా సేద్యము చేసికొని బ్రదుకుచుండిరి. పాలెగాండ్ర సేనలు పోయినవి గనుక బంటుల కొలువు ఇక అవసరము లేదనియు, కొలువు లేనప్పుడు ఈనాము ఏల యనియు కంపెనీ అధికారులు తర్కించిరి. ఆ భూములను మరల స్వాధీనము చేసికొను ఆలోచన 1846 నాటికి బలపడెను.

తర్కము సరియైనదిగానే కనబడవచ్చును. కాని ఆ బంటునకు కత్తి పోయినను నాగలి మిగిలియుండెను. ఇప్పుడు నాగలి క్రింది నేలయు పోవునన్న భయము పుట్టెను. నేల పోయినచో తానేమి తినవలెను? బిడ్డల కేమి పెట్టవలెను? తన మొఱ ఎవరు విందురు? కచేరీలో అతని మాట వినువారు లేరు. అప్పుడతనికి తన పాత ప్రభువుల ఇల్లు జ్ఞప్తికి వచ్చెను. కట్టుబడి బంటులు ఒక్కొక్కరుగా ఉయ్యాలవాడ దారి పట్టిరి.

ఇచ్చట నరసింహారెడ్డి ముందు రెండు దారులుండెను. నెలకు 11 రూపాయలు పుచ్చుకొని, తలుపు మూసికొని, మనకేల యని యూరకుండుట ఒకటి. వచ్చినవారి కష్టమును తన కష్టముతో కలిపికొని, గెలుపు మీద ఆశ లేకపోయినను ముందు నడచుట రెండవది. నాటికి కంపెనీ బలమెంతటిదో అతడెఱుగనివాడు కాడు. టిప్పుసుల్తానంతటివాడు 1799లో శ్రీరంగపట్టణపు కోటలో కూలెను. తన సమీపముననే కర్నూలు నవాబు రాజ్యమును 1839లో కంపెనీవారు ఆక్రమించిరి. ఫిరంగులుగల కోటలే నిలువనిచోట ఒక భరణపు రెడ్డి నిలుచుట సాధ్యము కాదు. ఐనను అతడు రెండవ దారినే ఎన్నుకొనెను.

1846వ సంవత్సరము వేసవి గడచిన తరువాత తిరుగుబాటు మొదలయ్యెను. కట్టుబడి బంటులు, బోయలు, చెంచులు, రైతులు అతనిచుట్టు చేరిరి. వడ్డె ఓబన్న అతనికి కుడిభుజముగా నుండెనని జనశ్రుతి. అందఱును కలసి కోయిలకుంట్లకు సాగి, అచ్చటి ప్రభుత్వ ఖజానాపై బడిరి. తాలూకా ఖజానా కంపెనీ అధికారమునకు గుర్తు; రైతు చెల్లించిన ప్రతి రూపాయియు చేరుచోటు. దానిపై దెబ్బ పడగానే వార్త కడపకును, మద్రాసునకును ప్రాకెను. ఈ కలహములలో రక్తపాతము జరిగెను. ప్రభుత్వోద్యోగులును ప్రాణములు గోల్పోయిరి. కొన్ని గ్రామములు కొల్లగొట్టబడినవి. ఆయుధము చేపట్టిన పోరాటములన్నిట నుండు దుఃఖము ఇందును కలదు. దానిని దాచిపెట్టుట చరిత్రకు న్యాయము కాదు.

నాటి కడప కలెక్టరు కాక్రేను. తిరుగుబాటును అణచుటకు కంపెనీ సేనలు బయలుదేరినవి. వాట్సను అను సేనాని నరసింహారెడ్డిని వెంటాడెను. నాటు అను మఱియొక సేనానియు అతనికి తోడయ్యెను. నరసింహారెడ్డి బహిరంగముగ నిలిచి పోరాడిన ఓటమి తప్పదని యెఱిగి, నల్లమల కొండలను ఆశ్రయించెను. రుద్రవరము మీదుగా అడవిలో ప్రవేశించి, కనుమలు దాటి గిద్దలూరు చేరెను. గిద్దలూరు దగ్గర ఉభయులకును పోరు జరిగెను. కంపెనీ సిపాయిలకు తుపాకులును, క్రమశిక్షణయు ఉండెను. బంటులకు కత్తులు, ఈటెలు, కొండదారుల పరిచయము ఉండెను. పోరు ముగిసినను నరసింహారెడ్డి వారికి చిక్కలేదు.

కొండలలో ఒక మనిషి దాగుకొనుట సులభము. వేలమందిని పోషించుట కష్టము. వానకాలము వచ్చెను. బంటులలో పలువురు రైతులే గనుక, వారి మనస్సులు తమ పొలముల వైపు లాగుచుండెను. పట్టియిచ్చినవారికి ప్రభుత్వము బహుమానము ప్రకటించెను. గ్రామములలో సిపాయిల సంచారము హెచ్చెను. ఇంతలో నరసింహారెడ్డి కుటుంబమువారు కంపెనీవారి చేత చిక్కి కడపకు కొనిపోబడిరి. శత్రువునకు లొంగనివాడైనను కుటుంబముయొక్క గతి విన్నప్పుడు ఎట్టివాని గుండెయైనను కలగును. అతడు అడవిలోనే యుండిన మఱికొన్నాళ్ళు తప్పించుకొనియుండెడివాడేమో. కాని అతడు నల్లమలను వీడి మరల తన రేనాటి సీమకే తిరిగి వచ్చెను.

కోయిలకుంట్ల సీమలో పేరుసోమల యను గ్రామము కలదు. దాని చెంతనున్న కొండపై అతడు దాగియుండెను. ఆ జాడ కంపెనీవారికి తెలిసెను. సిపాయిలు కొండను నలుదెసల చుట్టుముట్టిరి. 1846వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన నరసింహారెడ్డి పట్టుబడెను. అతని చేతులకును, కాళ్ళకును బరువైన సంకెళ్ళు తగిలించి, కోయిలకుంట్ల వీథులలో నడిపించిరి. పాలెగాని మనుమడు తన తాతల ప్రజల కన్నుల యెదుట సంకెళ్ళతో నడచెను. ఆ దృశ్యమును చూచి ప్రజలు భయపడవలెనని పాలకుల ఉద్దేశము.

అతనితోపాటు 901 మందిపై నేరము మోపబడెను. ఈ ఒక్క సంఖ్యను చూచినను, ఇది ఒక రెడ్డి సొంత తగవు కాదని తెలియును. వారిలో 412 మందిపై నేరము ఋజువు కాక విడుదలయైరి. 112 మందికి 5 సంవత్సరములు మొదలు 14 సంవత్సరముల వఱకు కారాగార శిక్షలు పడినవి. వీరిలో పెక్కండ్ర పేర్లు నేడు మన మెఱుగము. వారికి కోటలు లేవు; వంశచరిత్రలు లేవు; ఉన్నది ఒక చెక్క ఈనాము భూమి మాత్రమే. దానికై వారు తమ యౌవనమును చెఱసాలలో గడపిరి. నరసింహారెడ్డిని తలచునప్పుడు వీరిని కూడ తలచుట మన విధి.

ప్రభుత్వముపై తిరుగుబాటు, హత్య, దోపిడి యను నేరములు నరసింహారెడ్డిపై మోపబడి విచారణ నడచెను. అతనికి మరణశిక్ష విధింపబడెను. 1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీ, సోమవారము ఉదయము కోయిలకుంట్లలో అతనిని బహిరంగముగా ఉరితీసిరి. కలెక్టరు కాక్రేను అచ్చట నుండెను. రెండువేలకు పైగా ప్రజలు చుట్టు నిలిచి ఆ ఘోరమును జూచిరి.

ఉరితో శిక్ష ముగియలేదు. అతని శిరస్సును కోయిలకుంట్లలో అందఱికిని కనబడునట్లు వ్రేలాడగట్టిరి. అది 1877వ సంవత్సరము వఱకు, అనగా 30 ఏండ్లు, అట్లే యుండెను. ఆ నడుమ ఎన్ని మార్పులు జరిగినవి! 1857లో ఉత్తరభారతమున సిపాయిలు తిరుగబడిరి. మఱుసటి యేట కంపెనీ పాలన ముగిసి దేశము ఇంగ్లండు రాణి పాలనలోనికి వచ్చెను. ఆ 1858వ సంవత్సరముననే కర్నూలు జిల్లా యేర్పడి, కోయిలకుంట్ల కడపనుండి విడిపోయి దానిలో చేరెను. 1866లో కఱవు వచ్చెను. ఆ కఱవులో అదే ఉయ్యాలవాడ గ్రామమున బుడ్డా వెంగళరెడ్డి యను దాత వేలకొలది అన్నార్తులకు కూడుపెట్టి కీర్తిగాంచెను. 1876లో అంతకంటె ఘోరమైన ధాత కఱవు ఈ సీమను పీడించెను. ఇన్ని మార్పులకు నడుమ ఆ శిరస్సు మాత్రము అచ్చటనే వ్రేలాడుచుండెను.

పాలకులు దానిని భయముకొఱకు కట్టిరి. కాని భయము కొలది కాలమే నిలిచెను. సంతకు పోవు రైతు దాని వంక జూచి తన బిడ్డకు కథ చెప్పెను. ఆ బిడ్డ పెరిగి తన బిడ్డకు చెప్పెను. ఒక తరము పుట్టి పెరుగునంత కాలము ప్రభుత్వమే ఆ కథను జనులు మఱువకుండ చేసెననవలెను. గ్రామములలో గాయకులు దానిని పాటగా కట్టిరి. కోలాటపు బృందములు అడుగులు వేయుచు ఆ పాటను పాడినవి. రేనాటి ప్రజలు నరసింహారెడ్డిని, బుడ్డా వెంగళరెడ్డిని తమ సీమకు సూర్యచంద్రులని చెప్పుకొనసాగిరి. ఒకడు కత్తి పట్టినవాడు; ఒకడు గరిట పట్టినవాడు. ఇరువురును ఒక్క గ్రామమువారే యగుట విశేషము.

నరసింహారెడ్డి లోపములులేని వాడని చెప్పుట సరికాదు. అతని తిరుగుబాటు వంశగౌరవమునకు తగిలిన దెబ్బనుండి పుట్టినది. దేశమంతయు ఒక్కటియన్న భావము నాటికి ప్రజలలో ఇంకను రూపుదాల్చలేదు. అతని పూర్వులైన పాలెగాండ్ర పాలనయు అందఱికిని సుఖముగా నుండెనని చెప్పలేము. ఐనను ఒక విషయమున అతడు వారినందఱిని మించెను. దత్తమండలమునందలి 80 మంది పాలెగాండ్రలో మన్రోతో పోరాడినవారు కలరు. లొంగి భరణములు గొన్నవారు కలరు. వారిలో నేడు సామాన్యులు పేరెఱిగినవారు మిక్కిలి తక్కువ. అధికారము చేత లేనప్పుడు, ఈయగల ధనము లేనప్పుడు, తన ఇంటి వాకిట నిలిచిన పేదవాని పక్షమున నిలిచినందువలననే నరసింహారెడ్డి పేరు నిలిచెను. కోట యుండిన తాతకంటె కోటలేని మనుమడే జనుల మనస్సులలో పెద్ద ప్రభువయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆంధ్రులు అతని త్యాగమును గుర్తించి గౌరవించిరి. 1857నాటి సంగ్రామమునకు పదేండ్లు ముందుగానే కంపెనీ పాలనపై తిరుగబడిన వీరునిగా అతనిని స్మరించుచున్నారు. 2019లో అతని కథ చలనచిత్రముగా వెలువడెను. 2021లో కర్నూలు సమీపమున ఓర్వకల్లు వద్ద ప్రారంభింపబడిన విమానాశ్రయమునకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. 2022లో జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు కోయిలకుంట్ల, ఉయ్యాలవాడలు నంద్యాల జిల్లాలో చేరినవి. ఆదవాని, ఎమ్మిగనూరు, కైరుప్పలలు కర్నూలు జిల్లాలోనే యున్నవి. జిల్లాల యెల్లలు మాఱినను ఆ కథ ఉభయుల సొత్తుగనే యున్నది.

కైరుప్పలలో గుఱ్ఱమునెక్కి వచ్చు రెడ్డికి ప్రజలు దారి యిచ్చుట ఆచారము. నరసింహారెడ్డికి ప్రజలు తమ పాటలలో చోటిచ్చుట కృతజ్ఞత. ఆచారము తాతలనుండి మనుమలకు దానంతట అదియే సంక్రమించును. కృతజ్ఞతను మాత్రము ప్రతివాడును తన నడవడి చేతనే సంపాదించుకొనవలెను. గొప్ప వంశమున పుట్టుట మన చేతిలో లేదు. మన వాకిటికి వచ్చినవాని మొఱ విని, అతని ప్రక్క నిలుచుట మన చేతిలోనే యున్నది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.